చేయి తిరగాలంటే: నేర్చుకున్న పని ఒంటబట్టేలా సాధన చేసే పద్ధతి

విశాఖపట్నం పెదజాలారిపేట తీరానికి పొద్దెక్కే వేళ వెళితే, ఇసుకలో కాళ్లు బారజాపుకుని, చిరిగిన వలను కాలి బొటనవేలికి తగిలించి బిగువుగా పట్టుకుని, పక్కవారితో కబుర్లాడుతూనే కన్నం తరవాత కన్నం పూడ్చుకుంటూ పోయే పెద్దలు కనిపిస్తారు. ఒకసారి అలాంటి ఒక పెద్దాయన పక్కన కూర్చుని, ఆ ముడి ఎలా పడుతుందో కాస్త వివరంగా చెప్పమని అడిగాను. ఆయన పాపం చెప్పడానికి ప్రయత్నించారు. దారం పైనుంచి వస్తుందన్నారు, కాదు కాదు కిందినుంచి అన్నారు, చేతిలోని బద్దను ఆపి దాని వంక చూశారు, రెండు ముడులు తప్పు వేసి విప్పారు. చివరికి నవ్వి, "నాకేటి తెలుసు బాబూ, చేతికి తెలుసు" అన్నారు. మళ్లీ పక్కాయనతో చేపల రేటు గురించి మాటల్లో పడగానే ముడులు ఎప్పటిలాగే పడసాగాయి.

తెలుగులో ఈ స్థితిని చేయి తిరగడం అంటాం. చేయి తిరిగిన వంటమనిషి ఉప్పును చెంచాతో కొలవదు, చేయి తిరిగిన దర్జీ గుడ్డ కత్తిరిస్తూ రెండో మనిషితో బేరమాడగలడు. చేయి ఎలా తిరుగుతుంది, అందుకు ఏం చేయాలి అని మాత్రం మనం పెద్దగా ఆలోచించం. చేయగా చేయగా అదే వస్తుందని వదిలేస్తాం. రావడం నిజమే గాని, ఏది చేస్తే అదే వస్తుంది, తప్పుగా చేస్తే తప్పే వస్తుంది. కారు, టైపు, ఈత, వీణ, కుట్టు, దోసె పొయ్యడం వంటివి కొత్తగా మొదలుపెట్టేవారికీ, చేతికి పట్టిన తప్పును సరిచేసుకోదలచినవారికీ, గ్యాస్ కట్టేశానో లేదో అని సగం దారి నుంచి వెనక్కి వచ్చేవారికీ పనికివచ్చేలా, ఈ జ్ఞాపకం పనిచేసే తీరునూ దానికి తగిన సాధన పద్ధతినీ ఇక్కడ వివరిస్తాను.

అడిగితే చెప్పే జ్ఞాపకం, చేస్తేనే బయటపడే జ్ఞాపకం

ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో ఏర్పడిందన్నది ఒక రకం జ్ఞాపకం. అడిగితే చెప్పగలం, కాగితం మీద రాయగలం, ఒక్కసారి విన్నా గుర్తుండిపోవచ్చు. సైకిలు మీద పడిపోకుండా ఉండటం ఇంకో రకం. అది ఎంత విన్నా రాదు, వచ్చాక ఎంత అడిగినా చెప్పలేం, ఎక్కి చూపించడమే దారి. ఈ రెండూ మెదడులో వేరువేరు ఏర్పాట్ల మీద ఆధారపడతాయని మొదట స్పష్టంగా తెలిసింది హెన్రీ మొలైసన్ అనే అమెరికన్ ద్వారా. మూర్ఛవ్యాధి మందులకు లొంగకపోవడంతో 1953లో, 27 ఏళ్ల వయసులో ఆయనకు శస్త్రచికిత్స చేసి, మెదడుకు రెండు వైపులా ఉండే హిప్పోకాంపస్ అనే భాగాన్ని చాలావరకు తీసేశారు. మూర్ఛలు తగ్గాయి గాని ఆనాటి నుంచి కొత్త సంగతి ఏదీ ఆయన మనసులో నిలవలేదు. కాసేపటి క్రితం మాట్లాడి వెళ్లిన మనిషి తిరిగి వస్తే కొత్తవారిలాగే పలకరించేవారు.

బ్రెండా మిల్నర్ అనే శాస్త్రవేత్త ఆయన చేత ఒక పని చేయించారు. జంట గీతలతో వేసిన నక్షత్రం బొమ్మ ఒకటి ఉంటుంది, ఆ రెండు గీతల మధ్య నుంచి బయటికి పోకుండా పెన్సిలుతో చుట్టూ గీయాలి, కానీ చేతినీ కాగితాన్నీ నేరుగా చూడకూడదు, ఎదురుగా పెట్టిన అద్దంలో మాత్రమే చూడాలి. కావాలంటే ఇంట్లో చేసి చూడండి, మూల దగ్గరకు రాగానే పెన్సిలు మొరాయించి ఎటు తిప్పాలో తెలియక నిలబడిపోతుంది. మొలైసన్ వరసగా మూడు రోజులు దీన్ని చేశారు. రోజురోజుకూ తప్పులు తగ్గాయి, మూడో రోజుకు గీత దాదాపు శుభ్రంగా వచ్చింది. అయినా ప్రతి రోజూ ఆ పని తనకు కొత్తే అన్నారు. చేసినట్టు మనిషికి గుర్తులేదు, చేతికి మాత్రం గుర్తుంది. 2008లో మరణించేదాకా పరిశోధన పత్రాల్లో ఆయన పేరు హెచ్.ఎం. అన్న పొడి అక్షరాలుగానే ఉంది.

చేతి జ్ఞాపకానికి ప్రధానంగా పనిచేసేవి మెదడు లోపలి పొరల్లో ఉండే బేసల్ గాంగ్లియా, తల వెనక కింది భాగంలో ఉండే చిన్నమెదడు, కదలికలను ఆజ్ఞాపించే పై పొర. బేసల్ గాంగ్లియా విడివిడి కదలికలను ఒక దండగా గుచ్చి, మొదటి పూస కదిపితే మిగతావి వాటంతటవి కదిలేలా చేస్తుంది. చిన్నమెదడు అనుకున్న కదలికకూ జరిగిన కదలికకూ మధ్య తేడాను కొలిచి, మరుసటిసారి ఆ తేడా తగ్గేలా సరిదిద్దుతుంది. సాధన చేసేవారు ఇక్కడ ఒక సంగతి గమనించాలి. పని నెరవేరిందా లేదా అన్నదే ఈ ఏర్పాటుకు పట్టింపు. ఏ వేలితో నెరవేరింది, ఏ వంకర భంగిమతో నెరవేరింది అన్నది దానికి అక్కర్లేదు. నెరవేరిన పద్ధతి ఎంత వికారంగా ఉన్నా భద్రంగా దాచుకుంటుంది.

మేనకోడలికి కారు నేర్పడం

1967లో పాల్ ఫిట్స్, మైకేల్ పోస్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు, విద్య చేతికి దిగే క్రమాన్ని మూడు దశలుగా వర్ణించారు. మొదటిది ప్రతి కదలికనూ ఆలోచించి చేసే దశ, రెండోది కదలికలు ఒకదానితో ఒకటి అతుక్కుని తప్పులు తగ్గే దశ, మూడోది ఆలోచన అక్కర్లేకుండానే పని నడిచిపోయే దశ. చదివినప్పుడు ఇది పెద్ద విశేషంగా తోచదు. ఎవరికైనా నేర్పడానికి కూర్చుంటే గాని, ఏ దశలో ఉన్నవారికి ఏ మాట చెప్పాలో తెలియకపోవడం వల్ల ఎంత నష్టం జరుగుతుందో అర్థం కాదు.

మా మేనకోడలు నా దగ్గరకు రావడానికి ముందే ఒక డ్రైవింగ్ స్కూల్లో పదిహేను రోజులు నేర్చుకుంది. స్కూలు పేరు అనవసరం గాని, అక్కడి పద్ధతి చెప్పుకోవాలి. నేర్పేవాడి కాళ్ల దగ్గర కూడా క్లచ్, బ్రేకు ఉండే బండి అది. పిల్ల తడబడిన ప్రతిసారీ ఆయనే తొక్కేసేవాడు. పదిహేనో రోజున గాజువాక దాకా నడిపి వచ్చానని తను సంబరపడింది. ఆ మరుసటి ఆదివారం, పక్కన పెడళ్లు లేని మా బండిలో, ఏయూ ఇంజినీరింగ్ కళాశాల మైదానంలో ఇరవై నిమిషాల్లో తొమ్మిదిసార్లు ఇంజను ఆగిపోయింది. గాజువాక దాకా నిజంగా బండి నడిపినవి ఆయన కాళ్లు, వీధులు చూసి వచ్చినవి ఈమె కళ్లు.

దీనికి ప్రయోగశాలలో దొరికిన సాక్ష్యం కూడా ఉంది. 1990లో కారొలీ విన్‌స్టైన్, రిచర్డ్ ష్మిట్ ఒక చేతి కదలికను నేర్పుతూ, కొందరికి ప్రతి ప్రయత్నం తరవాతా ఎంత తేడా వచ్చిందో చెప్పారు, మరికొందరికి సగం ప్రయత్నాలకే చెప్పారు. తరవాత ఏ సూచనా ఇవ్వకుండా పరీక్షించినప్పుడు, సగమే విన్నవారు మెరుగ్గా చేశారు. ప్రతి అడుగులోనూ ఊతం అందుతుంటే చేయి ఆ ఊతాన్ని కూడా పనిలో భాగంగానే నేర్చుకుంటుంది, అది తీసేసిన రోజున పని సగమే వస్తుంది. కాబట్టి నేర్పేవారు ప్రమాదం లేని తప్పును జరగనివ్వాలి, జరిగాక వెంటనే నోరు విప్పకుండా ఒకటి రెండు క్షణాలు ఆగాలి. ఏం తప్పు జరిగిందో నేర్చుకునేవారే ముందు ఊహించి చెప్పాక మన మాట చెప్పాలి. ఇది వినడానికి తేలిక, పక్క సీట్లో కూర్చుంటే మహా కష్టం.

మొదటి దశలో మనసు ఒకేసారి పట్టి ఉంచుకోగలిగినవి చాలా కొద్ది. ఆ సంగతి నేను మరిచిపోయి, అద్దం చూడు, గేరు మార్చు, క్లచ్ మెల్లగా వదులు, స్టీరింగు అంత గట్టిగా పట్టుకోకు అని వరసగా చెప్పుకుంటూ పోతే, తను బండి ఆపేసి, "నాకున్నవి రెండు కాళ్లు, రెండు కళ్లు మావయ్యా, నువ్వేమో ఐదు పనులు చెప్తున్నావు" అంది. ఆ రోజు నుంచి ఒక పూటకు ఒక్క మాటే అనుకున్నాం. సోమవారం క్లచ్ ఒక్కటే, స్టీరింగు ఎలా పోతే అలా పోనీ. మంగళవారం అద్దాలు ఒక్కటే.

ఎత్తు మీద ఆగిన బండిని వెనక్కి జారకుండా కదిలించడం విశాఖలో తప్పించుకోలేని విద్య. సముద్రపు ఒడ్డు నుంచి ఊళ్లోకి వచ్చే దారుల్లో చాలావాటికి ఎత్తు తప్పదు. పాండురంగపురం డౌన్ అనే వాలు దారిలో, బళ్లు పలచగా ఉండే తెల్లవారుజామున, హ్యాండ్‌బ్రేకు వేయించి, మొదటి గేరులో పెట్టించి, యాక్సిలరేటరు కాస్త తొక్కి ఉంచి, క్లచ్‌ను గోరు మందం చొప్పున వదలమన్నాను. ఒక చోటికి వచ్చేసరికి ఇంజను చప్పుడు బరువెక్కుతుంది, బానెట్ ముక్కు కొంచెం పైకి లేచినట్టవుతుంది, సీటు కింద సన్నని వణుకు పుడుతుంది. అక్కడ కాలు నిలిపి హ్యాండ్‌బ్రేకు దించితే బండి వెనక్కి జారదు. మూడు రోజులపాటు తను కాలిని ఎంత ఎత్తాలని అడుగుతూనే ఉంది, నేను అంగుళమనీ అరంగుళమనీ చెబుతూనే ఉన్నాను, బండి ఆగుతూనే ఉంది. నాలుగో రోజున కాలి సంగతి వదిలేసి చప్పుడు వినమన్నాను. అప్పటికప్పుడే వచ్చిందని చెప్పను గాని, ఆ ఉదయమే హాఫ్ క్లచ్, అంటే క్లచ్‌ను సగం వదిలి నిలిపే ఒడుపు దొరకడం మొదలైంది.

అది యాదృచ్ఛికం కాదని తరవాత తెలిసింది. దృష్టిని సొంత అవయవం మీద పెట్టుకునేవారికంటే, ఆ అవయవం బయట కలిగించే ఫలితం మీద పెట్టేవారు త్వరగా నేర్చుకుంటారని గాబ్రియెలె వుల్ఫ్, ఆమె సహ పరిశోధకులు 1998 నుంచి పలు కదలికల మీద చూపుతూ వచ్చారు. ఈత నేర్పేటప్పుడు చేతిని ఇలా వంచమనే బదులు నీటిని వెనక్కి నెట్టమనడం, దోసె పోయడం నేర్పేటప్పుడు మణికట్టు తిప్పమనే బదులు గరిటె అడుగు పిండికి తగులుతూ పెనానికి తగలకుండా ఉండాలనడం ఈ కోవలోవే. మీరే నేర్చుకునేవారైతే, ఆ పని సరిగ్గా జరిగినప్పుడు చెవికి ఏం వినిపిస్తుంది, వేలికి ఏం తగులుతుంది, కంటికి ఏం మారుతుంది అని వెతికి, దాన్ని పట్టుకోండి.

మూడో దశకు చేరినవారి జ్ఞానం మాటలకు అందకుండా పోతుంది. 2014లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, వేగంగా టైపు చేయగలిగినవారికి అక్షరాలు లేని కీబోర్డు బొమ్మ ఇచ్చి నింపమంటే, 26 అక్షరాల్లో సగటున దాదాపు 15 మాత్రమే సరిగ్గా పెట్టగలిగారు. వేళ్లకు తెలిసినది మనసుకు తెలియదు. చేయి తిరిగిన గోల్ఫ్ ఆటగాళ్లను తమ చేతి కదలిక మీదే దృష్టి పెట్టి కొట్టమంటే ఆట చెడుతుందని సియన్ బైలాక్ బృందం 2002లో చూపింది. పెదజాలారిపేట పెద్దాయన చేత తప్పు ముడులు వేయించింది నా ప్రశ్నే. కచేరీకి వెళ్లబోయే వైణికురాలిని, పరీక్షకు వెళ్లబోయే డ్రైవరును ఆ పూట వివరాలు అడిగి ఇబ్బంది పెట్టకూడదు.

సాధనను అమర్చుకునే తీరు

డాబాగార్డెన్స్ దగ్గర ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో నేను చేరినప్పుడు, మొదటి వారమంతా ఎ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్, సెమీకోలన్ ఎల్ కె జె హెచ్ జె తప్ప ఇంకేమీ కొట్టనివ్వలేదు. విసుగనిపించినా ఆ పద్ధతి మంచిది: చిన్న ముక్క తీసుకుని, తప్పు రానంత నెమ్మదిగా, దండలోని పూసలు వరస తప్పకుండా గుచ్చుకోవాలి. లోయరు అనే మొదటి స్థాయి టైపు పరీక్షకు నిమిషానికి 30 మాటల వేగం కావాలనగానే ఆ ఓపిక పోయింది. పి అక్షరాన్ని కుడి చేతి చిటికెన వేలితో కొట్టాలి. చిటికెన వేలికి పాత టైపు మిషను మీట బరువు, కనుక ఉంగరపు వేలితో కొట్టేశాను. మాస్టారు చూసి ఏమీ అనలేదు, నేను పాసయ్యాను, ఆ తప్పు కంప్యూటరు మీదకు కూడా నాతో పాటు వచ్చింది. వేగాన్ని ఎప్పుడు పెంచాలన్నదానికి నేను పాటించే కొలత ఒకటుంది: అదే ముక్కను వరసగా పదిసార్లు తప్పు లేకుండా చేయగలిగితే కొద్దిగా పెంచుతాను, మూడోసారికే తప్పు వస్తే తగ్గిస్తాను.

ఎంతసేపు చేయాలన్నదానికి బ్రిటన్ తపాలా ఉద్యోగులు సమాధానం చెప్పారు. 1978లో ఆలన్ బ్యాడ్లీ, లాంగ్‌మన్ ప్రచురించిన పరిశోధనలో వారికి టైపు నేర్పుతూ, ఒక జట్టుకు రోజుకు ఒక్క గంట, మరో జట్టుకు రెండేసి గంటలు రెండు విడతలుగా, ఇలా రకరకాలుగా సమయం కేటాయించారు. మొత్తం గంటల లెక్కన చూస్తే, రోజుకు ఒక్క గంట కూర్చున్నవారే తక్కువ శ్రమతో నేర్చుకున్నారు. విచిత్రమేమిటంటే, తమ శిక్షణ పట్ల ఎక్కువ అసంతృప్తి కూడా వారికే ఉంది, ఎందుకంటే రోజుల లెక్కన మిగతావారికంటే వెనకబడినట్టు కనిపించింది. ఆదివారం నాలుగు గంటలు ఒకే బిగిన చేయడంలో ఉన్న తృప్తి ఇరవై నిమిషాల సాధనలో ఉండదు. ఆ తృప్తిని నమ్మకండి.

మధ్యలో వచ్చే నిద్ర కూడా సాధనలో భాగమే. 2002లో మాథ్యూ వాకర్ బృందం కొందరికి వేళ్లతో ఒక వరస కొట్టడం నేర్పి, రాత్రి నిద్ర తరవాత పరీక్షిస్తే, మధ్యలో ఏ సాధనా లేకుండానే వేగం సుమారు 20 శాతం పెరిగింది. ఆ పెరుగుదలలో కొంత భాగం అలసట తీరడం వల్ల వచ్చినదే అన్న వాదన తరవాత వచ్చింది, అందులో బలం ఉంది. ఏది ఎంతైనా, రాత్రి తొమ్మిదికి కుదరని స్వరం పొద్దున ఆరింటికి కుదరడం సంగీతం నేర్చుకున్న ఇళ్లలో అందరూ చూసిందే. కుదరని ముక్కను అర్ధరాత్రి దాకా సాగదీసి, అలసిన వేళ్లతో పదే పదే తప్పు చేస్తూ పడుకోవడం కంటే, ఒక్కసారి నెమ్మదిగా సరిగ్గా చేసి లేవడం మేలు.

ముక్క కాస్త పట్టుబడ్డాక వరసను కలగాపులగం చేయాలి. 1979లో జాన్ షే, రాబిన్ మోర్గన్ అనే పరిశోధకులు మూడు రకాల చేతి కదలికలను కొందరికి ఒక్కొక్కటీ పూర్తిచేసి తరవాతిది మొదలుపెట్టే పద్ధతిలో, మరికొందరికి మూడూ కలిపేసి నేర్పారు. నేర్చుకుంటున్నంతసేపూ మొదటివారే చురుగ్గా కనిపించారు. పది రోజుల తరవాత పరీక్షిస్తే కలిపి నేర్చుకున్నవారే నిలిచారు. మేనకోడలి విషయంలో మూడో వారం నుంచి ఒకే ఉదయంలో ఎత్తు మీద కదలడం, వెనక్కి నడపడం, రెండు బళ్ల మధ్య ఆపడం వంతులవారీగా చేయించాను, తను గొణిగినా సరే. చోటు మార్చడం కూడా అవసరమే. సొంత పెనం మీద చంద్రబింబాల్లాంటి దోసెలు పోసే కోడలు కొత్త ఇంట్లో కొత్త పెనం మీద మొదటి వారం పటాలు గీయడం మామూలే. అయితే మొదటి రెండు మూడు రోజుల్లోనే ఇలా కలిపితే ఏదీ పట్టుబడదు.

కొన్నాళ్లకు ఎదుగుదల ఆగిపోయినట్టు ఉంటుంది. 1897లో విలియం బ్రయన్, నోబుల్ హార్టర్ టెలిగ్రాఫ్ నేర్చుకునేవారిని గమనించి, సందేశం అందుకునే వేగం వారాల తరబడి కదలకుండా నిలిచి, తరవాత మళ్లీ పెరగడం చూశారు. అప్పటిదాకా అక్షరాలుగా వింటున్నవారి చెవికి మాటలు మాటలుగా వినపడటం మొదలయ్యేది ఆ తరవాతే అని వారి వివరణ. అలాంటి రోజుల్లో సాధన నిమిషాలు పెంచకుండా, ముక్క పరిమాణం పెంచి చూడండి: అక్షరాల బదులు మాటలు, స్వరాల బదులు పూర్తి పాదం.

చేతికి పట్టిన తప్పు

నా పి తప్పును సరిచేసుకోవడానికి ఇరవై ఏళ్ల తరవాత కూర్చున్నాను. ఈ విషయంలో తెలియవలసిందేమిటంటే, పాతది చెరిగిపోదు; దాని పక్కన కొత్తది నిలబడి, పాతదానికంటే బలపడాలి. అందుకు రెండు ఏర్పాట్లు చేసుకున్నాను. మొదటిది, పి మీట మీద చిన్న జిగురు చుక్క పెట్టి ఆరనిచ్చాను. ఆ గరుకు తగిలినప్పుడల్లా ఏ వేలు వచ్చిందో తెలిసేది. పాత పరిస్థితిలో పాత అలవాటే నిద్ర లేస్తుంది, కనుక పరిస్థితిలో ఏదో ఒకటి మార్చాలి. రెండోది, రోజుకు పది నిమిషాలు పి ఉన్న మాటలే కొట్టాను, మిగతా సమయంలో కూడా రెండు వారాలపాటు పాత వేగానికి పోలేదు. ఈ రెండోదే అసలు కష్టం, ఎందుకంటే ఆఫీసులో వేగం తగ్గితే పైవారు ఊరుకోరు. పొద్దున పది నిమిషాలు సరైన వేలితో కొట్టి, మిగతా ఎనిమిది గంటలూ తప్పు వేలితో కొడితే, ఏది బలపడుతుందో లెక్క వేసుకోవచ్చు. నెలన్నరకు వేలు మారింది. హడావిడిలో ఉంగరపు వేలు ఇప్పటికీ అప్పుడప్పుడూ ముందుకు ఉరుకుతుంది.

గ్యాస్, తాళం, మాత్ర

చేయి తిరగడం వల్ల రోజువారీ పనుల్లో ఒక చిక్కు కూడా ఉంది. ఆలోచన లేకుండా జరిగిన పని మనసులో గుర్తుగా మిగలదు. గ్యాస్ కట్టేశానా అన్న అనుమానం ఎంవీపీ కాలనీ నుంచి బయలుదేరి జగదాంబ చేరాక వస్తే, నిన్న కట్టిన గుర్తూ, మొన్న కట్టిన గుర్తూ, ఈవేళ కట్టిన గుర్తూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటాయి. ఇది మతిమరుపు కాదు, ఆ క్షణంలో మనసు అక్కడ లేదు, అంతే. కట్టేటప్పుడు నాబ్ మీద చేయి ఉంచి, ఆ రోజుకే చెందిన మాటను జోడించి పైకి అనాలి: "మంగళవారం, సొరకాయ పులుసు, గ్యాస్ కట్టేశాను." ఇంట్లోవాళ్లు నవ్వుతారు. రైలింజనులో లోకో పైలట్, అసిస్టెంట్ లోకో పైలట్ సిగ్నల్ కనబడిన ప్రతిసారీ దాని రంగును ఒకరికొకరు పైకి చెప్పుకుంటారు, జపాను రైల్వేల్లో వేలితో చూపిస్తూ చెబుతారు. వేలసార్లు చూసిన సిగ్నల్‌ను చూడకుండానే చూసినట్టు అనిపించే ప్రమాదం నుంచి తప్పించుకోవడానికే అది. వారికి లేని మొహమాటం మనకెందుకు?

ఇంకో రకం పొరపాటు దారి దగ్గర జరుగుతుంది. ఆదివారం పిల్లలతో రుషికొండ బయలుదేరి, మద్దిలపాలెం రాగానే రోజూ ఆఫీసుకు వెళ్లే అలవాటు కొద్దీ బండిని సిరిపురం వైపు తిప్పేస్తాం. రెండు దారులు చీలే చోట మనసు మాటల్లో ఉంటే, బలమైన అలవాటే స్టీరింగు అందుకుంటుంది. రుషికొండ వెళ్లాలని అనుకోవడం వల్ల ప్రయోజనం లేదు. బయలుదేరే ముందే "మద్దిలపాలెం రాగానే తిన్నగా" అని, తప్పు జరిగే చోటును పేరుపెట్టి చెప్పుకోవాలి.

కొత్త అలవాటు వేసుకోవడానికి 21 రోజులు చాలన్న మాటకు ఆధారం లేదు. ఫిలిప్పా లాలీ బృందం లండన్‌లో 96 మందిని గమనించినప్పుడు, ఒక్కొక్కరికి 18 రోజుల నుంచి 254 రోజుల దాకా పడుతుందని లెక్క తేలింది, నడిమి అంకె 66. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన పెద్ద నష్టం రాలేదు. కొత్త పనిని గడియారానికి కట్టే బదులు ముందే ఉన్న పనికి కట్టాలి. పొద్దున కాఫీ గ్లాసు సింకులో పెట్టగానే బీపీ మాత్ర అనుకుంటే గ్లాసే గుర్తుచేస్తుంది. రెండు మూడు నెలలకు ఆ అలవాటు గట్టిపడగానే గ్యాస్ నాబ్ చిక్కు దీనికీ వస్తుంది, మాత్ర వేసుకున్నానో లేదో తెలియదు, రెండోసారి వేసుకునే ప్రమాదం ఉంటుంది. వారాల పేర్లున్న మాత్రల డబ్బా కొనడం ఒక్కటే దానికి మందు.

పెద్దవారి విషయంలో ఒక మాట. అల్జీమర్స్‌లో మాటల జ్ఞాపకం ముందుగా దెబ్బతిన్నా, చేతికి వచ్చిన పనులు తరచు చాలాకాలం నిలుస్తాయి. అందుకే డబ్బాల చోటు, తాళాల చోటు మార్చకుండా, పూలు కట్టడం, కూరలు తరగడం వంటివి చేస్తుంటే చేయనివ్వడం మంచిది. మనవల పేర్లు తప్పిపోయే బామ్మగారు దండ మాత్రం ఎప్పటిలాగే కట్టగలరు. దీనికి భిన్నంగా, మాట స్పష్టంగా ఉన్నా చొక్కా గుండీలు పెట్టుకోవడం రోజురోజుకూ ఆలస్యమవుతున్నా, చేతిరాత చిన్నదైపోతున్నా వయసు మీదకు నెట్టేయకుండా నరాల వైద్యునికి చూపించాలి. బేసల్ గాంగ్లియాకు అందవలసిన డోపమైన్ అనే రసాయనం తగ్గే పార్కిన్సన్స్ వ్యాధిలో ఇలాంటివి తొలి గుర్తులుగా కనిపించవచ్చు.

మానేసి మళ్లీ మొదలుపెట్టినప్పుడు

చేతికి వచ్చిన పని ఏళ్ల తరబడి చేయకపోయినా పూర్తిగా పోదు, తుప్పు పడుతుంది. రెండోసారి నేర్చుకోవడానికి మొదటిసారి పట్టిన కాలంలో కొంత భాగమే పడుతుంది, కాని ఆ మొదటి పది నిమిషాలు చూసి చాలామంది అంతా పోయిందని నిరాశపడతారు. ఆ పది నిమిషాలూ ఎవరూ చూడని చోట, నష్టం లేని చోట గడపాలి. వీణ అయితే కీర్తన జోలికి పోకుండా సరళీ స్వరాలు, టైపు అయితే ఎ ఎస్ డి ఎఫ్, కారు అయితే ఖాళీ మైదానం. వివరాలు గుర్తుచేసుకోవడానికి ప్రయత్నించకుండా, పని మొదలుపెట్టి చేతిని దాని మానాన వదిలి చూడాలి.

మేనకోడలు పది నెలలు హైదరాబాదులో హాస్టల్లో ఉండి, స్టీరింగు ముట్టకుండా సంక్రాంతికి ఇంటికి వచ్చింది. మైదానంలో రెండుసార్లు ఇంజను ఆగిపోతే నా వంక భయంగా చూసింది. ఏమీ చెప్పకుండా, తెల్లవారుజామున పాండురంగపురం డౌన్‌కు పదమన్నాను. ఎత్తు మధ్యలో ముందున్న ఆటో ఆగింది, మేమూ ఆగాం. ఆటో కదిలింది, మా ఇంజను చప్పుడు బరువెక్కింది, కాలు నిలిచింది, హ్యాండ్‌బ్రేకు దిగింది, బండి బెత్తెడు కూడా జారకుండా పైకి సాగింది. అప్పుడు తను హాస్టల్ సాంబారులో ములక్కాడ ముక్క ఒక్కటీ ఉండదని నాకు ఫిర్యాదు చేస్తోంది.